టీచరు కూర్చుంటే ఆగే బండి

బండి కొన్న మొదటి ఆదివారమే అద్దాలాయన పరువు నడిరోడ్డు మీద పోయింది.

కళ్ళద్దాల షాపు నడుపుతాడు కాబట్టి వీధంతా ఆయన్ని అద్దాలాయన అనే అంటుంది. యాభై దాటిన మనిషి. కాస్త పొట్ట, కాస్త బట్టతల, ఎదురుపడ్డ ప్రతి ముక్కునీ చూసి దాని మీద ఏ ఫ్రేము నిలుస్తుందా అని ఆలోచించే అలవాటు. అలాంటి మనిషి రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడంటే వీధి ముక్కున వేలేసుకోక ఏం చేస్తుంది? ముదురు నీలం రంగు, నేలకి జానెడెత్తు. దాంట్లోకి ఎక్కడమంటూ ఉండదు, దిగడమే. ఒక ఫోటోగ్రాఫరు దాన్ని ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకుని చూసుకుని, ఇంట్లో కవలలు పుట్టేసరికి వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో తోచక అమ్మేశాడు. తాళాలు చేతిలో పెడుతూ కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

"దీనికి ఏ రోగమూ లేదు సార్. నాకే సంసారం ఎక్కువైంది" అన్నాడు.

ఆ ఏ రోగమూ లేని బండి, అద్దాలాయన భార్యని పక్కన కూర్చోబెట్టుకుని వీధి మలుపు తిరిగి మార్కెట్టు దాటుతుండగా ఆగిపోయింది. దగ్గలేదు, తుమ్మలేదు. మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు ఇంజను చప్పుడు ఠక్కున పోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. తాళం తిప్పాడో లేదో, ఏమీ ఎరగనట్టు మళ్ళీ గుర్రుమంది. బడి గేటు దగ్గర మళ్ళీ ఆగింది. బస్టాపు ముందు మళ్ళీ. అక్కడ బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా తనకి తెలిసిన ముక్కులే కావడం అద్దాలాయన ఖర్మ.

"నేను దిగి నడిచొస్తా లెండి" అంది భార్య, తలుపు తీసుకుంటూ. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "దీనికి నేను పడలేదు. నేను కూర్చున్న బండ్లన్నీ ఇంతే."

ఆమె దిగింది. అక్కణ్ణించి ఇంటిదాకా బండి ఒక్కసారి కూడా ఆగలేదు. అద్దాలాయన ప్రాణం ఉసూరుమన్నది అందుకే.

ఆమెని వీధంతా టీచరు అంటుంది. పాఠాలు బడిలో కాదు, డ్రైవింగ్ స్కూల్లో. ఈ చుట్టుపక్కల స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో సగానికి సగం ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్ళే. అద్దాలాయనా ఆ బాపతే. కుర్రతనంలో ఆమె దగ్గర నేర్చుకోవడానికి చేరాడు. క్లచ్చి మెల్లగా వదలడం ఎంతకీ చేతకాక, లైసెన్సు కంటే ముందు పెళ్ళి సంపాదించాడు. "ఇంకెవరూ పెట్టుకోరని నేను పెట్టుకున్నాను" అనేది ఆమె, అందరి ముందూ. ఆయన మురిసిపోయేవాడు.

డ్రైవింగ్ స్కూలు బండికి ఒక ప్రత్యేకత ఉంటుంది. నేర్చుకునేవాడి కాళ్ళ దగ్గరే కాదు, నేర్పేవాళ్ళు కూర్చునే పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు కంగారు పడి ఏదైనా చేస్తే పక్కనుంచి బండిని ఆపడానికి. ఆ బ్రేకు మీద కాలుంచి టీచరు తన సగం జీవితం గడిపింది. నోరు పాఠం చెబుతూ ఉండేది, కళ్ళు రోడ్డు మీద ఉండేవి, కాలు బ్రేకు మీద ఉండేది. ఎంతమందికి నేర్పిందో లెక్కలేదు, ఎవరికీ గీత పడలేదు.

పోయినేడాది పడింది. బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒకతె నేర్చుకోవడానికి వచ్చింది. మలుపు దగ్గర బెదిరిపోయి, బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కేసింది. బండి ఎగిరి పేవ్‌మెంటెక్కి బస్టాపు స్తంభాన్ని గుద్దుకుంది. టీచరుకి ఏమీ కాలేదు. అమ్మాయికి భుజం దగ్గర ఎముక విరిగింది. తరవాత అతుక్కుంది, ఇప్పుడు చెయ్యి శుభ్రంగా ఆడుతోంది, అదంతా నిజమే. కానీ ఆసుపత్రిలో చూడబోయినప్పుడు, ఏ తప్పూ పట్టకుండా, ఊరికే తెలుసుకుందామన్నట్టు ఆ అమ్మాయి అడిగింది. "మీ వైపు బ్రేకు పడలేదా మేడమ్?"

అడిగిన పిల్ల ఆ మాట మర్చిపోయింది. విన్న టీచరు మర్చిపోలేదు. బండి ముందుభాగమంతా నుజ్జయింది కాబట్టి ఆ బ్రేకు పనిచేసిందో లేదో, దాన్ని ఎవరైనా తొక్కారో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. స్కూలువాళ్ళు పల్లెత్తు మాట అనలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఆ సాయంత్రం టీచరు మంచం అంచున కూర్చుని, "నొక్కానో లేదో నాకు గుర్తులేదండీ" అంది భర్తతో. "నొక్కి ఉంటే గుర్తుండదా?"

అదొక్కసారే అంది. మర్నాడు స్కూలుకి వెళ్ళి మానేస్తున్నానని చెప్పొచ్చింది. ఆ తరవాత కారెక్కలేదు. ఎంత దూరమైనా నడక, తప్పదంటే బస్సు, బస్సులో కూడా ముందు అద్దంలోంచి రోడ్డు కనబడని చోటు. వీధి చివరిదాకా వినబడే గొంతు కాస్తా ఇంట్లో పక్కగదిలోకి కూడా వినబడకుండా పోయింది. చీవాట్లు పెట్టడం మానేసింది. భార్య చీవాట్లు పెట్టడం మానేస్తే ఇల్లు ఎంత బోసిగా ఉంటుందో అద్దాలాయనకి అప్పుడు తెలిసింది.

ఈ నీలం బండి కథ అక్కడ మొదలైంది. పాఠం చెప్పే రోజుల్లో సిగ్నల్ దగ్గర ఇలాంటి బండి పక్కకొచ్చి ఆగితే టీచరు మాట ఆపేసి చూసేది. ఎప్పటికైనా ఒక్కసారి ఇలాంటిదాంట్లో కూర్చోవాలి, అనేది. భయాన్ని కొట్టడానికి ఆశకి మించిన మందు లేదనుకున్నాడు అద్దాలాయన. తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేస్తానని బెదిరించి గంటలోపే తిన్నాడు. చివరికి ఆమె కూర్చుంది. కూర్చున్న పాపానికి బండి మూడుచోట్ల ఆగింది. ఇప్పుడు దీని జబ్బు ఏమిటో పట్టుకోలేకపోతే ఆ జబ్బు తనేనని ఆమె నమ్మేస్తుంది. ఆయన భయమల్లా అదే.

బండిని తమ్ముడి షెడ్డుకి తీసుకెళ్ళాడు.

అద్దాలాయన తమ్ముడు మెకానిక్కు. పని బాగా వచ్చు, కానీ పనికంటే మాట ఒక అడుగు ముందుంటుంది. బండి షెడ్డులోకి వస్తుండగానే చప్పుడు విని జబ్బు చెప్పేస్తానంటాడు.

"ప్లగ్గులన్నయ్యా. చెవిన పడగానే తెలిసింది" అన్నాడు.

ప్లగ్గులు మార్చాడు. పనిలో పనిగా పెట్రోలు ఫిల్టరు మార్చాడు, ఎలాగూ తెరిచాం కదా అని పెట్రోలు పంపు కూడా మార్చాడు. అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఊరంతా తిప్పొచ్చారు. ఎక్కడా ఆగలేదు. తమ్ముడు చేతులు తుడుచుకుంటూ, "పో, వదినని కూర్చోబెట్టుకుని తిప్పు" అన్నాడు.

వదిన రానంది. అప్పుడు తమ్ముడే ఇంటికొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"వదినా, అన్నయ్య నడిపాడు కాబట్టి ఆగిందేమో. ఆయనకి క్లచ్చి సంగతి నీకు తెలియందేముంది? నేను నడుపుతాను, రా. నీ శిష్యుణ్ణి. నన్ను నమ్మవా?"

"నిన్ను నమ్మకే కదా నాయనా, నీకు రెండుసార్లు పరీక్ష పెట్టించాను" అంది టీచరు. చాలాకాలానికి ఆమె నోట్లోంచి అలాంటి మాట వచ్చింది. అద్దాలాయన గుండె గాల్లో తేలింది.

తేలింది తేలినట్టే కిందపడింది. వాళ్ళిద్దరూ వెళ్ళిన కాసేపటికే తమ్ముడు ఒక్కడే బండి వేసుకుని తిరిగొచ్చాడు, మొహం వేలాడేసుకుని.

"మలుపు దగ్గరే ఆగిందన్నయ్యా. మళ్ళీ ఇంకోచోట. వదిన దిగిపోయింది. 'నువ్వు నడిపినా ఇంతే కదా నాయనా, తప్పు బండిది కాదు' అని నడుచుకుంటూ వస్తోంది."

"నువ్వేమన్నావు?"

"ఏమనను? నోట మాట రాలేదు" అన్నాడు తమ్ముడు. అతని నోట మాట రాకపోవడం షెడ్డు చరిత్రలో లేదు. కాసేపాగి మళ్ళీ వచ్చింది. "అన్నయ్యా, కోపగించుకోనంటే ఒకటి చెప్తాను. ఇది ఆడబండి. నీ పక్కన ఇంకో ఆడమనిషిని ఓర్వలేకపోతోంది. నువ్వు వదినకి కారు కాదు తెచ్చింది, సవతిని."

ఆ రోజునుంచి షెడ్డులో దాని పేరు సవతి. సవతికి కంప్యూటరు తగిలించి చూశారు. ఇంజను లోపల ఏదైనా తేడా ఉంటే ఆ యంత్రం తెర మీద చూపిస్తుంది. ఏ తేడా లేదని చూపించింది. తమ్ముడు ఎర్త్ వైర్లు గీకాడు, బ్యాటరీ బిగించాడు, ఇంజనుకి కరెంటు అందించే రిలేలన్నీ పీకి కొత్తవి పెట్టాడు. తల ప్రాణం తోకకొచ్చింది గానీ జబ్బు చిక్కలేదు.

అప్పుడు అద్దాలాయన తన షాపు బుద్ధి ఉపయోగించాడు.

"నువ్వు చేసేది ఇలా కాదురా. నా దగ్గరికొచ్చినవాడికి ఒక్కో అద్దం మార్చి అడుగుతాను. ఇది బాగుందా, ఇది బాగుందా అని. రెండద్దాలు ఒకేసారి మారిస్తే ఏది కుదిరిందో నాకూ తెలీదు, వాడికీ తెలీదు. మీ వదిన కూర్చుంటే ఆగుతోంది. సరే. ఆవిడతో పాటు బండిలోకి ఏమేం వస్తున్నాయో ఒక్కోటీ విడిగా పెట్టి చూద్దాం."

ముందు ఆమె హ్యాండుబ్యాగు తెచ్చి పక్కసీట్లో పెట్టి తిరిగారు. ఆగలేదు. తరవాత ఆమె ఫోను. ఆగలేదు. తరవాత బరువు. మనిషి బరువుకి బండి ఎక్కడైనా వంగి ఏదైనా వైరు నలుగుతోందేమో అని తమ్ముడు పక్కింటి పనివాళ్ళ దగ్గర సిమెంటు బస్తా ఒకటి అడిగి తెచ్చి, సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టాడు. అద్దాలాయన ఆ బస్తాతో మార్కెట్టు, బడి, బస్టాపు అన్నీ తిరిగొచ్చాడు. బండి కిక్కురుమనలేదు. చూసినవాళ్ళెవరో ఈ సంగతి ఇంటికి చేరవేశారు.

"నా బదులు సిమెంటు బస్తాని కూర్చోబెట్టుకుని తిరిగారటగా. తేడా తెలిసిందా?" అంది టీచరు, ఉల్లిపాయలు తరుగుతూ.

"అది మాట్లాడలేదు" అన్నాడాయన.

"నేను మాత్రం ఎక్కడ మాట్లాడుతున్నాను" అంది. కత్తిపీట మీదికి మళ్ళీ వంగింది.

ఆ రాత్రి ఎంత ఆలోచించినా ఏమీ తోచలేదు గానీ, మర్నాడు షాపులో ఎవరికో కొలతలు తీస్తుండగా ఆయనకి ఒక సంగతి తట్టింది. బండి ఆగిన చోట్లన్నీ వరసగా గుర్తు చేసుకున్నాడు. తిన్నటి రోడ్డు మీద ఎప్పుడూ ఆగలేదు. మార్కెట్టు దగ్గర తోపుడుబండి అడ్డం వచ్చింది. బడి దగ్గర ఆడుకుంటున్న పిల్లలు. బస్టాపు దగ్గర బస్సు పక్కనుంచి రోడ్డు మీదికి తిరిగింది. మలుపు సరేసరి. కొలతలు తీయించుకుంటున్న పెద్దమనిషిని అలాగే వదిలేసి తమ్ముడికి ఫోను చేశాడు.

"ఏదో ఒకటి అడ్డం వస్తేనే ఆగుతోందిరా."

"అయితే బ్రేకు వేసినప్పుడన్నమాట" అని తమ్ముడు ఎగిరి గంతేశాడు. వాళ్ళు వెళ్ళి ఖాళీ రోడ్డు మీద అదేపనిగా బ్రేకులు వేసి చూశారు. మెల్లగా వేశారు, గట్టిగా వేశారు. టైర్లు కీచుమన్నాయి గానీ ఇంజను ఆగలేదు. గంతేసిన తమ్ముడు చతికిలబడ్డాడు.

కానీ చతికిలబడ్డ చోటే అతనికి పని దొరికింది. పక్కసీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట కార్పెట్టు ఒక మూల కాస్త పైకి లేచి ఉంది. లాగి చూశాడు. ఈ రకం బండికి ఇంజనుని నడిపించే చిన్న కంప్యూటరు పెట్టె సరిగ్గా అక్కడే ఉంటుంది. దాని మీద ఇనప మూత ఉండాలి. లేదు. ఎప్పుడో ఎవరో రిపేరుకని విప్పి మళ్ళీ పెట్టడం మర్చిపోయారు. పెట్టెలోకి వెళ్ళే వైర్ల కట్ట మీద ఉత్త కార్పెట్టే ఉంది.

"ఇదిగో ఇక్కడుంది దొంగ" అన్నాడు తమ్ముడు. వేళ్ళతో వైర్లు కదిపాడు, లాగాడు, తట్టాడు. ఇంజను నడుస్తూనే ఉంది. "దొంగే. కానీ దొంగతనం చేస్తుండగా పట్టుకోవాలి. పెట్టెకి కరెంటు వెళ్ళే తీగకి ఒక చిన్న బల్బు తగిలిస్తాను. కరెంటు పోతే బల్బు ఆరిపోతుంది. ఎప్పుడు ఆరిందో తెలియాలిగా, పైన డాష్‌బోర్డు కింద నా ఫోను అంటించి వీడియో పెడతాను. నువ్వు వదినని తీసుకురా."

వదినని తీసుకురావడం బల్బు తగిలించినంత తేలికా? అద్దాలాయన ఇంటికెళ్ళి ఆమె ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఒక్కసారి. ఇదే ఆఖరు. ఈసారీ ఆగితే బండి అమ్మేస్తాను, మళ్ళీ నిన్ను అడగను."

టీచరు ఆయన మొహంలోకి చూసింది. "ఆగుతుందండీ" అంది. "మీకెందుకీ పంతం? నాకు లేని ఇష్టం మీకెందుకు?"

"నీకు లేదని ఎవరన్నారు?"

ఆమె లేచి చెప్పులేసుకుంది.

బండి కదిలింది. ఈసారి ఆయన ముందే ఒక జాగ్రత్త తీసుకున్నాడు, ఆమె బండి గురించి ఆలోచించకుండా స్నానాల గదిలో కారుతున్న కుళాయి సంగతి ఎత్తాడు. కుళాయి అనేసరికి ఆమెకి ప్లంబరు మీద ఉన్న కచ్చంతా బయటికొచ్చింది. వాడు సాయంత్రం వస్తానంటాడట, ఏ సాయంత్రమో చెప్పడట. బక్కెట్టు పెడితే రాత్రికి నిండిపోతోందట. అలా చెప్పుకుపోతోంది. రోడ్డు పక్కన రెండు వ్యాన్లు ఆగి ఉన్నాయి. వాటి మధ్యలోంచి సైకిలు మీద ఒక ముసలాయన నింపాదిగా రోడ్డు మీదికి వచ్చేశాడు. అద్దాలాయన గబుక్కున బ్రేకు తొక్కాడు. సైకిలాయన తలైనా తిప్పకుండా దాటిపోయాడు.

ఇంజను అప్పటికే ఆగిపోయి ఉంది.

"చూశారా" అంది టీచరు. ప్లంబరు సంగతి సగంలోనే పోయింది.

ఆయన నేరుగా బండిని షెడ్డుకి తెచ్చాడు. ఆమె దిగి ఇంటిదారి పట్టబోతుంటే తమ్ముడు అడ్డం నిలబడ్డాడు. "వదినా, ఒక్క నిమిషం. నీ సవతి గుట్టు బయటపడుతుంది, చూసి పో." ఫోను ఊడదీసి పనిబల్ల మీద నట్టుల డబ్బాకి ఆనించి పెట్టాడు. ముగ్గురూ దాని ముందుకి వంగారు.

తెర మీద గోధుమరంగు కార్పెట్టు. ఒక మూల చిన్న బల్బు పచ్చగా వెలుగుతోంది. మధ్యలో టీచరు పాదాలు రెండూ, చెప్పులతో, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా ఉన్నాయి. కనబడకుండా పైనుంచి ఆమె గొంతు. బక్కెట్టు, కుళాయి, ప్లంబరు. తమ్ముడు బల్బునే చూస్తున్నాడు. అద్దాలాయన మాత్రం కాళ్ళని చూస్తున్నాడు.

"...సాయంత్రం అంటాడు, ఏ సాయంత్రమో..." అంటోంది గొంతు. కుడికాలు కదిలింది. ముందుకి చాపుకుని, మడమ ఆనించి, పాదం బిగిసేలా కార్పెట్టు మీద నొక్కింది. బల్బు ఆరిపోయింది. గొంతు ఇంకా చెబుతూనే ఉంది, "...వాడి ఇంట్లో కారితే తెలిసొస్తుంది..." ఆ తరవాత కీచుమని టైర్ల చప్పుడు. ఆ తరవాత నిశ్శబ్దం. కాలు మెల్లగా వెనక్కొచ్చి రెండోకాలి పక్కన చేరింది. బల్బు వెలిగింది.

"దొరికింది!" తమ్ముడు బల్ల చరిచాడు. "వదినా, నీ కాలు! నువ్వు అక్కడ తొక్కినప్పుడల్లా వైర్లు కుంగి కరెంటు పోతోంది. మేమెవరమూ అక్కడ తొక్కం, బస్తాకి కాళ్ళే లేవు. నీకైతే అక్కడ బ్రేకుంటుంది కదా! అరగంటలో మూత చేసి బిగించేస్తాను, జన్మలో ఆగదు."

"నేను తొక్కలేదు" అంది టీచరు.

"అదుగో వదినా, కనబడుతోందిగా."

"నేను కాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాను. నాకు బాగా తెలుసు. తొక్కలేదు." ఆమె బ్యాగులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. "మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశాడు. తెగిపోతే తనే కుట్టుకున్న చెప్పు, ఆ కుట్టు కూడా తెలుస్తోంది. ఆమె కాలే. చాపుకుంది, నొక్కింది, బల్బు ఆరింది, గొంతు ఆగలేదు.

"మీరు బ్రేకు ఎప్పుడేశారు?" అంది భర్తతో, తెర మీంచి చూపు తిప్పకుండా.

"సైకిలు కనబడగానే."

"టైర్లు అరిచింది నా కాలు దిగాక."

"అవును. నీ కాలు దిగినప్పటికి నాకసలు సైకిలే కనబడలేదు."

"నాకు మాత్రం కనబడిందా? నేను ప్లంబర్ని తిడుతున్నాను." ఆమె తెర మీదికి ఇంకా వంగింది. "మళ్ళీ వెయ్యి నాయనా."

తమ్ముడు అన్న మొహంలోకి చూసి, ఇక్కడ జరుగుతున్నది బండి సంగతి కాదని తెలుసుకున్నాడు. మళ్ళీ వేసి, వేరే స్పానరు వెతుక్కునేవాడిలా షెడ్డు వెనక్కి పోయాడు. కాలు మళ్ళీ దిగింది. టీచరు తన అసలు కాలిని వంగి చూసుకుంది, మళ్ళీ తెరమీది కాలిని చూసింది.

"అంటే నాకు తెలియకుండానే నొక్కేస్తుందన్నమాట."

"నీకు చెప్పి నొక్కే తీరిక దానికెక్కడిది?" అన్నాడు అద్దాలాయన.

"ఆ రోజు..." అని ఆగిపోయింది.

ఆ రోజు కూడా నొక్కావు అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఈ ఏడాది పొడుగునా ఆ మాట ఎన్నోసార్లు చెప్పాడు, ఊరికే ఓదార్చడానికి. ఆమె నమ్మలేదు. ఇప్పుడు తెలిసినంతవరకే చెప్పాలనిపించింది.

"ఆ రోజు ఆ బండిలో నేను లేను. బ్రేకు తెగిందో, నొక్కినా చాలలేదో, ఏం జరిగిందో నేను చెప్పలేను. కానీ గుర్తులేదు కాబట్టి నొక్కలేదని మాత్రం ఇంకెప్పుడూ అనుకోకు. ఇవాళ నొక్కింది గుర్తుందా నీకు?"

టీచరు తల అడ్డంగా ఊపింది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. ఏడాదిగా లోపల బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది. చెంగు అడ్డం పెట్టుకోకుండా, కళ్ళద్దాలు కూడా తీయకుండా ఏడ్చింది. అద్దాలాయనకి ఏం చెయ్యాలో తోచక ఆ అద్దాలు తీసి తన చొక్కాకి తుడిచాడు, చేతికిచ్చాడు, ఆమె పెట్టుకుంది, అవి మళ్ళీ తడిశాయి, మళ్ళీ తీసి తుడిచాడు. ఆయనకీ ఏడుపొస్తోంది. ఆ అమ్మాయి ఆసుపత్రి మంచం మీంచి అడిగినప్పణ్ణుంచీ ఈ మనిషి ఒక్కతే ఎంత బరువు మోసిందో తలుచుకుంటే ఆయనకి తన మీద తనకే కోపం వచ్చింది. బండికి జబ్బు పట్టకపోతే ఈ సంగతి తెలిసేదే కాదు.

కాసేపటికి తమ్ముడు వెనకనుంచి గొంతు సవరించుకున్నాడు. చేతిలో రేకుముక్క, కత్తెర. "మూతకి కొలత తీసుకోనా వదినా? ఆ వైరు కూడా కొత్తది వేసేస్తాను."

"ఉండు. ఇప్పుడే ముట్టుకోకు" అంది టీచరు. ముక్కు తుడుచుకుంది. ఎవరూ పిలవకుండానే బండి దగ్గరికి నడిచి, పక్కసీట్లోకి దిగి, బెల్టు పెట్టుకుంది. "పదండి."

"వదినా, మళ్ళీ ఆగిపోతుంది!"

"ఆగనీ" అంది.

అద్దాలాయన పరుగున వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎండ తగ్గి జనం రోడ్ల మీదికి వచ్చే వేళ. ఆమె కుళాయి గురించి మాట్లాడలేదు, కాలి వైపూ చూసుకోలేదు. పూర్వం పాఠం చెప్పే రోజుల్లోలా వీపు నిటారుగా పెట్టి, అద్దంలోంచి ముందుకే చూస్తోంది. ఆయనకి ఎందుకో పరీక్షకి కూర్చున్నట్టు అనిపించింది. "గేరు మార్చండి, ఏడుస్తోంది పాపం" అంది ఒకచోట. ఆయన మార్చాడు.

బట్టల కొట్టు ముందు ఆగి ఉన్న కారు తలుపు ఎవరో వెనకా ముందూ చూడకుండా బార్లా తెరిచారు. అద్దాలాయన బ్రేకు తొక్కేసరికి ఇంజను ఎప్పుడో పోయింది. బండి తలుపుకి మూరెడు దూరంలో నిలబడింది. తెరిచిన పెద్దమనిషి బిక్కమొహం వేసుకుని తలుపు మూసుకున్నాడు.

టీచరు ఈసారి కిందకి చూసింది. కాలు ఇంకా చాపుకునే ఉంది. పిక్క రాయిలా బిగిసి ఉంది. చేత్తో తడిమి చూసుకుంది.

"నొక్కానండీ" అంది.

"ఆఁ."

"నొక్కాను."

వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవరో తల బయటపెట్టి అరిచారు. టీచరు అద్దం కిందకి దించి, తనూ తల బయటపెట్టింది. "ఏం నాయనా, అంత తొందరైతే పైనుంచి ఎగిరిపో! ముందు బండి ఆగితే దూరం పాటించాలని ఎవరూ నేర్పలేదా నీకు?" అంది. వీధి ఆ చివరిదాకా వినబడేలా అంది. అరిచినవాడు తల లోపలికి లాక్కున్నాడు.

అద్దాలాయన తాళం మీద చెయ్యి వేశాడు గానీ తిప్పలేదు. హారన్లు మోగుతూనే ఉన్నాయి. కాసేపు మోగనిమ్మని అలాగే కూర్చున్నాడు.